మెర్సియా రాజు ఆఫా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫా ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

క్రీ.శ. 757 నుంచి 796 దాకా, అంటే 39 ఏళ్ల పాటు, ఇంగ్లండు నడిమి భాగంలోని మెర్సియా రాజ్యాన్ని ఏలిన ఆంగ్లో-శాక్సన్ రాజు. కెంట్, ససెక్స్, ఈస్ట్ ఆంగ్లియా రాజ్యాలను ఒక్కొక్కటిగా తన చేతికిందికి తెచ్చుకున్నాడు. ఆయన పేరు వినని వాళ్లు కూడా రెండు విషయాలు వినే ఉంటారు: వేల్స్ సరిహద్దు వెంట సాగే పొడవాటి మట్టికట్ట "ఆఫా డైక్", వెండి పెన్నీ.

పేర్లు నోరు తిరగడం లేదు. ఎలా పలకాలి?

రాజు పేరు తేలికే, ఆఫా. చిక్కంతా మిగతా పేర్లతోనే. పాత ఇంగ్లీషులో సి, జి అక్షరాలు పక్కపక్కన వస్తే "జ్" శబ్దం. కాబట్టి కొడుకు పేరు ఎక్గ్‌ఫ్రిత్ కాదు, ఎడ్జ్‌ఫ్రిత్. ఏ, ఇ కలిసిపోయిన అక్షరాన్ని మన "యా"కు దగ్గరగా పలకాలి. భార్య పేరు కినెథ్రిథ్ అని రాస్తున్నాం గానీ, మొదటి అచ్చులో "కి"కీ "కు"కీ మధ్య ఉండే ధ్వని ఒకటుంది, దానికి తెలుగులో అక్షరం లేదు. పుస్తకానికో రకంగా స్పెల్లింగు కనిపిస్తే వేరే మనిషి అనుకోకండి. ఆ కాలపు రాతగాళ్లే ఒకే పేరును రెండు మూడు రకాలుగా రాశారు.

మెర్సియా అంటే ఇప్పుడు ఏ ప్రాంతం?

స్థూలంగా నేటి మిడ్‌లాండ్స్. బర్మింగ్‌హామ్, కోవెంట్రీ, లెస్టర్, డెర్బీలలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లంతా ఆఫా ఏలిన నేల మీదే ఉన్నారు. ఆ పేరు ఇంకా చావలేదు, అక్కడ "వెస్ట్ మెర్సియా పోలీస్" ఇవాళ్టికీ ఉంది. రాజు తరచుగా విడిది చేసిన ఊరు ట్యామ్‌వర్త్, బర్మింగ్‌హామ్ నుంచి రైల్లో అరగంట లోపే. మతకేంద్రం లిచ్‌ఫీల్డ్ దానికి పక్కనే. ముందటి రాజుల్లో కొందరిని పూడ్చిన చోటు రెప్టన్.

రాజధాని అనే మాట మాత్రం జాగ్రత్తగా వాడాలి. ఆ కాలపు రాజు ఒకచోట కూర్చుని పాలించేవాడు కాదు. పరివారంతో ఒక ఎస్టేటు నుంచి ఇంకో ఎస్టేటుకు తిరుగుతూ, అక్కడ తనకు రావలసిన ధాన్యం, మాంసం, బీరు అక్కడే తిని తాగి ముందుకు పోయేవాడు.

రాజ్యం బలం ఎంతో చూపే లెక్క ఒకటుంది. "ట్రైబల్ హైడేజ్" అనే పాత జాబితా ఒక్కో ప్రాంతానికి ఎన్ని "హైడ్"లో చెబుతుంది. హైడ్ అంటే ఒక కుటుంబం బతకడానికి చాలినంత భూమి. అందులో మెర్సియా అసలు గడ్డకు 30,000, ఈస్ట్ ఆంగ్లియాకు 30,000, కెంట్‌కు 15,000, ససెక్స్‌కు 7,000 హైడ్‌లు. జాబితా ఎవరి కాలానిదన్న వాదన నడుస్తూనే ఉంది గానీ, కప్పం వసూలు కోసం రాసినదన్న అభిప్రాయం బలమైనదే.

తండ్రి నుంచి వచ్చిన సింహాసనమేనా?

కాదు. తండ్రి థింగ్‌ఫ్రిత్ రాజే కాడు. ఆఫా తన వంశాన్ని నాలుగు తరాల వెనక ఎయోవా దాకా లెక్కపెట్టుకున్నాడు. ఈ ఎయోవా 7వ శతాబ్దపు ప్రసిద్ధ రాజు పెండాకు సోదరుడు. దూరపు దాయాది అన్నమాట.

716 నుంచి 41 ఏళ్లు ఏలిన ఎథెల్‌బాల్డ్‌ను 757లో ట్యామ్‌వర్త్ దగ్గర సెకింగ్టన్‌లో రాత్రిపూట సొంత అంగరక్షకులే చంపేశారు. తర్వాత బెయోర్న్‌రెడ్ అనేవాడు గద్దెనెక్కాడు. కొన్ని నెలల్లో ఆఫా వాణ్ని తరిమేసి తానే రాజయ్యాడు. అలా వచ్చినవాడికి తన తర్వాత ఏమవుతుందన్న భయం ఉంటుంది. ఆయన చేసిన పనుల్లో చాలావాటి వెనక ఈ భయమే కనిపిస్తుంది. ఆర్చిబిషప్‌తో తగువు, కొడుకు అభిషేకం, కూతుళ్ల పెళ్లిళ్లు అన్నీ ఆ దారంలో గుచ్చిన పూసలే.

ఆయన గురించి మనకు దేని ద్వారా తెలుస్తోంది?

ఆయన కాలంలో రాసిన జీవితచరిత్ర లేదు. తర్వాతి శతాబ్దపు వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్‌కు జీవితచరిత్ర రాసిన ఆసర్ దొరికినట్టు ఆఫాకు ఎవరూ దొరకలేదు. మన చేతిలో ఉన్నవి ఇవి: భూదాన పత్రాలు, నాణేలు, నేటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలను ఏలిన ఫ్రాంకుల రాజు షార్లమేన్ కొలువులో పనిచేసిన, ఉత్తర ఇంగ్లండులోని నార్తంబ్రియాకు చెందిన పండితుడు ఆల్కుయిన్ రాసిన ఉత్తరాలు, పోపుల ఉత్తరాలు, ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌లోని కొన్ని పొడి పొడి వాక్యాలు.

ఈ క్రానికల్‌ను కూర్చినది ఆఫా చనిపోయిన వందేళ్లకు, అదీ వెసెక్స్‌లో, అంటే పోటీ రాజ్యంలో. మెర్సియా గొప్పలు అందులో వెతికితే దొరకవు.

దానపత్రాలు చదవడానికి మనవాళ్లకు పెద్ద కష్టం ఉండదు. మన రాగిరేకు శాసనాల తీరే: ముందు దేవుడి స్తుతి, తర్వాత ఫలానా భూమి ఫలానా వారికి అన్న మాట, ఆపైన పొలిమేరలు, దానం చెరిపినవాడికి నరకమే అన్న శాపం, చివర సాక్షుల జాబితా. చరిత్రకారులు ముందు చూసేది ఈ సాక్షుల జాబితానే. ఎవరి పేరు ఏ వరసలో ఉంది, ఏ బిరుదుతో ఉంది అన్నదాన్ని బట్టి అధికారం ఎటు జరుగుతోందో తెలుస్తుంది. ససెక్స్‌లో నిన్నటిదాకా "రాజు" అని సంతకం పెట్టినవాళ్లు ఆఫా కాలంలో "డ్యూక్" స్థాయికి దిగిపోయారు. హ్విచె ప్రాంతపు రాజులు "ఉపరాజులు" అయ్యారు. యుద్ధం జరిగిందని ఎవరూ రాయలేదు, పని మాత్రం జరిగిపోయింది.

ఒక హెచ్చరిక. ఈ పత్రాల్లో చాలా వాటికి అసలు ప్రతి లేదు, తర్వాతి శతాబ్దాల నకళ్లే ఉన్నాయి. మఠాల సన్యాసులు తమ భూములు కాపాడుకోవడానికి దొంగపత్రాలు కూడా పుట్టించారు. "ఆఫా తనను ఆంగ్లేయులందరికీ రాజునని చెప్పుకున్నాడు" అని ఎక్కడైనా చదివితే, ఆ పత్రం అసలుదేనా అని ముందు అడగండి. నమ్మదగిన పత్రాల్లో ఆయన మామూలు బిరుదు "మెర్సియన్ల రాజు", అంతే.

ఒక్కో పుస్తకంలో ఒక్కో సంవత్సరం ఎందుకు?

క్రానికల్‌లో 8వ శతాబ్దం రెండో సగానికి సంవత్సరాలు రెండేసి ఏళ్లు వెనక పడ్డాయి. నకలు రాసేటప్పుడు దొర్లిన తప్పు అది. అందులో 755 అని ఉన్నది నిజానికి 757. ఆఫా మరణం 794 అని ఉంటుంది, అసలు 796. పాత పుస్తకాలు దీన్ని సరిచేయకుండా ఎత్తి రాసేశాయి. రెండేళ్ల తేడా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

కెంట్‌తో అంత గొడవ దేనికి?

డబ్బు, చర్చి. యూరప్ సరుకు దిగే రేవులు కెంట్‌వి, ఆర్చిబిషప్ ఉండేది కెంట్‌లోని కాంటర్‌బరీలో. 764 నాటికే ఆఫా అక్కడికి వెళ్లి భూదానాలకు ఆమోదం ఇస్తున్నాడు. 776లో ఓట్‌ఫర్డ్ దగ్గర మెర్సియన్లకూ కెంట్ వాళ్లకూ యుద్ధం జరిగింది. ఎవరు గెలిచారో క్రానికల్ చెప్పదు. కానీ ఆ తర్వాత కొన్నేళ్లు కెంట్ రాజు రెండో ఎగ్‌బర్ట్ ఆఫా ఊసు లేకుండా దానాలు చేశాడు. దీన్ని బట్టి మెర్సియన్లే దెబ్బతిన్నారని ఎక్కువమంది అనుకుంటున్నారు. 785 నాటికి ఆఫా మళ్లీ కెంట్‌ను పట్టాడు. ఈసారి మధ్యలో సామంతరాజును కూడా ఉంచలేదు.

పట్టు ఎంత గట్టిదో తెలియాలంటే ఒక చిన్న కేసు చాలు. ఎగ్‌బర్ట్ తన మంత్రి ఎయాల్డ్‌హున్‌కు భూమి ఇచ్చాడు, అతను దాన్ని కాంటర్‌బరీ క్రైస్ట్‌చర్చికి రాసిచ్చాడు. ఆఫా వచ్చి ఆ భూమి లాక్కున్నాడు. దొర అనుమతి లేకుండా సేవకుడు భూమిని పరాయి చేతికి ఇవ్వడమేమిటి అన్నది ఆయన వాదన. గమనించండి, ఇక్కడ "సేవకుడు" అన్నది కెంట్ రాజును. భూమి తిరిగి చర్చికి దక్కేసరికి ఆఫా పోయాడు, 799 వచ్చింది.

వెసెక్స్‌ను కూడా జయించాడా?

జయించలేదు. 779లో బెన్సింగ్టన్ దగ్గర వెసెక్స్ రాజు కినెవుల్ఫ్‌ను ఓడించి థేమ్స్ పక్క ప్రాంతం తీసుకున్నాడు. ఆ తర్వాత పెళ్లితో పని సాగించాడు. 789లో కూతురు ఎయాడ్‌బుర్‌ను కొత్త రాజు బెయోర్‌ట్రిక్‌కు ఇచ్చాడు. మామా అల్లుళ్లు కలిసి ఎగ్‌బర్ట్ అనే పోటీదారును దేశం దాటించి ఫ్రాంకుల దగ్గరికి తరిమారు. ఇతను కెంట్ ఎగ్‌బర్ట్ కాదు, ఆ పేరే ఉన్న ఇంకొకడు. 802లో తిరిగొచ్చి వెసెక్స్ రాజై, 825లో ఎల్లెండున్ యుద్ధంలో మెర్సియా నడుం విరిచింది ఈ మనిషే.

ఇంకో కూతురు ఎల్‌ఫ్లెడ్‌ను 792లో నార్తంబ్రియా రాజు ఎథెల్‌రెడ్‌కు ఇచ్చాడు. నాలుగేళ్లకే ఆ అల్లుణ్ని సొంతవాళ్లే చంపేశారు.

ఈస్ట్ ఆంగ్లియా రాజు తల నరికించింది నిజమేనా?

నిజమే. 794లో ఆఫా ఆజ్ఞతో ఎథెల్‌బర్ట్ తల నరికారని క్రానికల్ ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంది. కారణం ఒక్క ముక్క కూడా లేదు. ఎథెల్‌బర్ట్ తన పేరుతో సొంతంగా కొట్టించిన పెన్నీలు కొన్ని దొరికాయి. ఆఫా దీన్ని ధిక్కారంగా తీసుకుని ఉండొచ్చన్నది బలమైన ఊహే గానీ ఊహే.

పెళ్లిచూపులకు వచ్చినవాణ్ని కాబోయే అత్తగారు, అంటే ఆఫా భార్య, కుట్ర చేసి చంపించింది అన్న కథ శతాబ్దాల తర్వాత పుట్టింది. అది అల్లినవాళ్లకు ఒక సెయింట్ కావాలి, ఒక చెడ్డ ఆడది కావాలి. హెర్‌ఫర్డ్ కెథడ్రల్ ఇప్పటికీ మేరీమాతతో పాటు ఎథెల్‌బర్ట్ పేరు మీదే ఉంది.

ఆఫా డైక్ ఎంత పెద్దది? నిజంగా ఆయనే కట్టించాడా?

మిగిలిన కట్ట అంతా కలిపితే దాదాపు 80 మైళ్లు, అంటే 130 కిలోమీటర్లు. బాగా నిలిచిన చోట కట్ట, కందకం కలిపి 20 మీటర్ల వెడల్పు. కట్ట ఎత్తు ఇప్పటికీ రెండు, రెండున్నర మీటర్లు. కందకం చాలావరకు పడమటి వైపు, అంటే వేల్స్ వైపు ఉంటుంది. అటునుంచి వచ్చేవాడు ముందు గోతిలోకి దిగి, ఆపైన గట్టెక్కాలి.

ఆఫా కట్టించాడని మొదట రాసింది ఆసర్, 893లో. సముద్రం నుంచి సముద్రం దాకా కట్టించాడు అన్నాడు. అది అక్షరాలా నిజం కాదు, మధ్యలో పెద్ద ఖాళీలున్నాయి. ఆ ఖాళీల్లో నది ఉందా, దట్టమైన అడవి ఉందా, కట్ట కాలక్రమంలో చెరిగిపోయిందా, అసలు కట్టనే లేదా అన్నదాని మీదే వాదనంతా. డేవిడ్ హిల్, ఫ్రాంక్ నోబుల్ ఏళ్ల తరబడి తవ్వి చూసి, ఉత్తరాన ట్రెడ్దిన్ నుంచి దక్షిణాన రషాక్ హిల్ దాకా ఉన్న 64 మైళ్లే ఒక్క చేతి పని అన్నారు. 2014లో చర్క్ దగ్గర కట్ట అడుగున తీసిన మట్టికి చేసిన కార్బన్ పరీక్షల్లో ఆఫా కంటే ముందు కాలం కూడా బయటపడింది. కాబట్టి కొన్ని చోట్ల పాత కట్టనే ఆయన మనుషులు పెంచి ఉండొచ్చు. పేరు మాత్రం ఊరికే అంటలేదు. దానికి సమాంతరంగా తూర్పున 40 మైళ్ల "వాట్ డైక్" ఉంది. చాలామంది రెండింటినీ కలిపేస్తారు, అవి వేరు.

యంత్రాలు లేకుండా ఎలా కట్టారు?

పద్ధతి మన చెరువుగట్టు పని లాంటిదే. ముందు గీత గీయడం, తర్వాత పడమటి వైపు తవ్వడం, తీసిన మట్టిని తూర్పు వైపు పోయడం. కొన్ని చోట్ల కట్ట ముఖానికి గడ్డిపెళ్లలు పేర్చారు, రాయి దొరికిన చోట రాయి వాడారు. కొంత దూరం తిన్నగా వచ్చి చిన్న మెలిక తిరిగే చోట్లున్నాయి. ఒక్కో జట్టుకు ఒక్కో ముక్క పంచారనడానికి వాటినే ఆధారంగా చూపిస్తారు.

జనాన్ని పిలిపించే హక్కు రాజుకు ఉండేది. మెర్సియా రాజులు చర్చికి భూమి ఇచ్చి మిగతా పన్నులన్నీ మాఫ్ చేసినా, వంతెన పని, కోట పని, సైన్యసేవ మాత్రం వదిలేవాళ్లు కాదు. 792లో కెంట్ చర్చిలకు ఇచ్చిన పత్రంలో ఆఫా ఓడల్లో వచ్చే అన్యమతస్థుల మీద యుద్ధసేవను కూడా మినహాయింపు నుంచి తప్పించాడు. వైకింగుల బెడద రాజుకు అప్పటికే తెలుసు అన్నమాట. లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడి జరిగింది ఆ మరుసటి ఏడు.

ఇది చైనా గోడ లాంటిది కాదు. కావలి బురుజులు, సైనికుల బసలు దొరకలేదు. ఎంచుకున్న చోటు మాత్రం తెలివైనది: కట్ట ఎక్కువగా పడమటి వాలు మీద నడుస్తుంది, అక్కడ నిలబడితే వేల్స్ లోయలు బారుగా కనిపిస్తాయి. పశువులను తోలుకుపోయే దొంగల గుంపుకు, మందతో సహా గోతిలో దిగి గట్టెక్కడం అంటే పట్టుబడటమే.

అక్కడ నడవాలంటే ఎటు వెళ్లాలి?

1971లో ప్రారంభమైన ఆఫా డైక్ పాత్ దక్షిణాన చెప్‌స్టో పక్కన సెడ్‌బరీ క్లిఫ్స్ నుంచి ఉత్తరాన ప్రెస్టాటిన్ సముద్రతీరం దాకా 177 మైళ్లు, 285 కిలోమీటర్లు. అంతా నడిచేవాళ్లు 12 నుంచి 14 రోజులు పెట్టుకుంటారు.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. దారి పేరు చూసి అంతా కట్ట మీదే నడక అనుకుంటారు. కట్టను అంటిపెట్టుకుని సాగేది మూడో వంతు మాత్రమే. ఫొటోల్లో అందంగా కనిపించే హే బ్లఫ్ కొండ దగ్గర దారి 700 మీటర్ల ఎత్తుకు చేరుతుంది, అక్కడ డైక్ జాడే లేదు. డైక్ చూడటమే పని అయితే నైటన్ ఊరికి వెళ్లండి. ఆ ఊరి వెల్ష్ పేరుకు అర్థమే "కట్ట మీది ఊరు". డైక్ గురించి వివరించే కేంద్రం అక్కడుంది, కట్ట ముక్క దాని పెరట్లోనే ఉంది. ష్రూస్‌బరీ నుంచి రైలుంది గానీ రోజుకు కొన్నే. తిరుగు రైలు వేళ ముందే చూసుకోకపోతే రాత్రి అక్కడే. నైటన్ నుంచి ఉత్తరాన లాన్‌ఫేర్ హిల్ వైపు సాగితే కట్ట అన్నింటికంటే నిండుగా కనిపిస్తుంది. ఎక్కుడు దిగుడు మోకాళ్ల పని పడుతుంది, వాన పడితే బంకమట్టి, కాబట్టి మామూలు స్పోర్ట్స్ షూ పనికిరావు.

కట్ట పైకి ఎక్కి నడవకండి, పక్క దారిలో నడవండి. అడుగుల వల్ల గడ్డి పోయి మట్టి జారుతుంది, కుందేళ్లు, బ్యాడ్జర్లు తవ్వే బొరియలతో అదివరకే అది గుల్లబారింది. రక్షిత కట్టడంగా ప్రకటించిన చోట్ల అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం నేరం.

ఆఫా పెన్నీలో అంత విశేషం ఏముంది?

అంతకుముందు ఇంగ్లండులో చెలామణి అయినవి చిన్నగా, మందంగా ఉండే వెండి బిళ్లలు. వాటి మీద చాలావరకు రాజు పేరు కూడా ఉండదు, వెండి నాణ్యత కూడా పడిపోయింది. ఫ్రాంకుల రాజు పెపిన్ 755 ప్రాంతంలో పల్చటి, వెడల్పాటి నాణెం తెచ్చాడు. కెంట్ రాజులు ఆ దారి పట్టారు. వాళ్లను అణచిన ఆఫా ఆ టంకశాలలతో పాటు ఆ పద్ధతినీ తీసుకున్నాడు. కాబట్టి "పెన్నీని కనిపెట్టినవాడు ఆఫా" అన్నది సగం నిజమే. పెద్ద ఎత్తున, మంచి వెండితో, తన పేరు వేసి కొట్టించినవాడు అంటే సరిపోతుంది.

నాణెం అడ్డకొలత 17 మిల్లీమీటర్ల అటూ ఇటూ, మొదట్లో బరువు సుమారు 1.3 గ్రాములు. 792 ప్రాంతంలో నాణేన్ని బరువుగా, వెడల్పుగా మార్చాడు. ఒక పౌండుకు 240 పెన్నీలు అన్న లెక్క బ్రిటన్‌లో 1971 ఫిబ్రవరి 15 దాకా నడిచింది.

కొట్టే విధానం ఇది: వెండిని పల్చగా సాగగొట్టి గుండ్రటి బిళ్ల తీస్తారు. కింది అచ్చును మొద్దులో బిగిస్తారు. బిళ్ల దాని మీద పెట్టి, పై అచ్చు చేత్తో పట్టుకుని సుత్తితో కొడతారు. పై అచ్చు పక్కకు జరిగితే బొమ్మ సగం బిళ్ల బయటికి పోతుంది. రెండో దెబ్బకు బిళ్ల కదిలితే గీతలు జోడుగా పడతాయి. మ్యూజియంలో చూసేటప్పుడు ఈ తప్పులు గమనించండి, సరదాగా ఉంటుంది. ఒకవైపు రాజు పేరు, రెండోవైపు ఆ నాణేనికి పూచీ ఉన్నవాడి పేరు: ఎయోబా, ఇబ్బా, బబ్బా వగైరా. వెండిలో కల్తీ జరిగితే ఎవణ్ని పట్టుకోవాలో నాణెం మీదే రాసి ఉందన్నమాట.

నాణెం మీద రాణి బొమ్మ కూడా ఉందట?

ఉంది. భార్య కినెథ్రిథ్ పేరుతో, "రెజీనా" అన్న బిరుదుతో, ఎయోబా కొట్టించిన పెన్నీలు. తన పేరుతో నాణేలున్న ఆంగ్లో-శాక్సన్ రాణి ఆవిడ ఒక్కతే. మధ్యలో "ఎమ్" అక్షరం, మెర్సియన్ల గుర్తు. రోమన్ చక్రవర్తుల భార్యల నాణేలను చూసి చేయించినట్టుంది. చట్టబద్ధమైన భార్య, ఆమెకు పుట్టిన కొడుకే వారసుడు అని ఊరూరా చాటడానికి నాణేన్ని మించిన సాధనం అప్పట్లో లేదు.

అరబిక్ రాతతో బంగారు నాణెం సంగతేమిటి? ఆఫా ముస్లిం అయ్యాడా?

ఆ నాణెం నిజం, రెండోది ఉత్త పుకారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఈ దీనారం అబ్బాసీ ఖలీఫా అల్-మన్సూర్ హిజ్రీ 157లో, అంటే 773-774లో కొట్టించిన దీనారానికి నకలు. చుట్టూ అరబిక్, మధ్యలో లాటిన్ అక్షరాల్లో "ఆఫా రెక్స్". అరబిక్‌ను సరిగ్గా పట్టుకుంటే రాజు పేరు తలకిందులుగా ఉంటుంది. అరబిక్ ముక్కల్లోనూ తప్పులున్నాయి. అచ్చు చెక్కినవాడు గీతలను బొమ్మలా చూసి దింపాడు, అక్షరం ముక్క రాదు. ముహమ్మద్ దేవుడి ప్రవక్త అన్న వాక్యం తన రాజు పేరు పక్కన ఉందని అతనికి తెలిసే అవకాశం లేదు.

మరెందుకు చేశారు? మధ్యధరా వ్యాపారంలో అందరూ నమ్మే బంగారం అబ్బాసీ దీనారమే. అలా కనిపించే నాణేన్ని ఎవరూ కాదనరు. ఆఫా ఏటా 365 మాంకుస్‌లు, రోజుకొకటి లెక్కన, రోమ్‌కు పంపుతానని మొక్కుకున్నాడని పోప్ మూడో లియో ఉత్తరంలో ఉంది. పేదలకు, సెయింట్ పీటర్ చర్చి దీపాలకు ఆ సొమ్ము. ఒక మాంకుస్ 30 వెండి పెన్నీలతో సమానం. ఈ దీనారం ఆ మొక్కు తాలూకుదేనని చాలా చోట్ల రాస్తారు, దానికి గట్టి సాక్ష్యం లేదు.

ఆఫా పెన్నీ అమ్ముతామంటున్నారు. కొనొచ్చా?

ముందు బరువు తూచండి. బాగా తక్కువైతే అంచు తెగిందో, పోత నకలో చూడాలి. పోత నాణెం అంచు మీద సన్నటి అతుకు గీత, పైన బుడగల గుంటలు కనిపిస్తాయి, అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. మ్యూజియం దుకాణాల్లో అమ్మే నకళ్లనే పాతబరిచి అంటగట్టేవాళ్లున్నారు. కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియం వాళ్లు ఆ కాలపు నాణేల వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టారు, ఆ అచ్చు, ఆ పేరు వాటిలో ఉన్నాయేమో పోల్చండి. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో కాగితం చూపలేని నాణేన్ని వదిలేయడమే మంచిది.

షార్లమేన్‌తో స్నేహమా, తగవా?

రెండూ. 790 ప్రాంతంలో షార్లమేన్ తన కొడుకు చార్ల్స్‌కు ఆఫా కూతుర్ని అడిగాడు. ఇస్తాను, బదులుగా మీ అమ్మాయి బెర్తాను మా ఎడ్జ్‌ఫ్రిత్‌కు ఇవ్వండి అన్నాడు ఆఫా. కుండమార్పిడి పెళ్లి అన్నమాట. సమానస్థాయి కోరడమే షార్లమేన్‌కు మండింది. ఇంగ్లీషు వర్తకులకు తన రేవులు మూయించాడు, ఇటు నుంచి కూడా ఓడలు ఆగిపోయాయి. గెర్వోల్డ్ అనే మఠాధిపతి మధ్యవర్తిత్వం చేస్తే గానీ అలక తీరలేదు.

796లో షార్లమేన్ రాసిన ఉత్తరం మిగిలింది, అందులో ఆఫాను "సోదరా" అని పిలిచాడు. ఉత్తరం నిండా ఇచ్చిపుచ్చుకోవడాలే. యాత్రికుల వేషంలో వచ్చే వర్తకులు సుంకం కట్టి తీరాలి. మీరడిగిన నల్లరాళ్లు ఎంత పొడవు కావాలో చెప్పడానికి మనిషిని పంపండి. మీ దేశం నుంచి వచ్చే దుప్పటి అంగీల కొలత ఇప్పుడు తగ్గింది, మునుపటి కొలతకే పంపించండి. దాంతోపాటు ఒక నడికట్టు, హూణుల ఖడ్గం, రెండు పట్టువస్త్రాలు కానుక. చక్రవర్తి కాబోతున్నవాడు అంగీ పొడవు తగ్గిందని ఫిర్యాదు చేయడం చదివితే, పాఠ్యపుస్తకంలోని షార్లమేన్ కాస్త మనిషిలా కనిపిస్తాడు.

లిచ్‌ఫీల్డ్‌కు ఆర్చిబిషప్ ఎందుకు వచ్చాడు?

కాంటర్‌బరీ ఆర్చిబిషప్ యాన్‌బర్ట్ కెంట్ పక్షం మనిషి. ఆఫాతో అతనికి పొసగలేదు. 786లో పోప్ హాడ్రియన్ దూతలు ఇంగ్లండు వచ్చారు. అభిషిక్తుడైన రాజును చంపడం పాపం, అక్రమ సంతానానికి రాజ్యం లేదు అని తీర్మానాలు చేశారు, గుర్రపుమాంసం తినొద్దన్నారు కూడా. మొదటి రెండూ ఆఫాకు కావలసినవే. మరుసటి ఏడు చెల్సీలో సభ జరిగింది. క్రానికల్ దాన్ని "కొట్లాటల సభ" అన్నది. ఆ సభలో కాంటర్‌బరీ నుంచి సగం ఊడదీసి లిచ్‌ఫీల్డ్ బిషప్ హిజ్‌బర్ట్‌కు ఇచ్చారు. అదే ఏడు ఎడ్జ్‌ఫ్రిత్‌ను, తండ్రి బతికుండగానే, రాజుగా అభిషేకించారు. ఇంగ్లీషు రాజుల్లో అభిషేకం జరిగినట్టు రాతపూర్వకంగా ఉన్న మొదటి సందర్భం ఇదే. యాన్‌బర్ట్ ఆ పని చేయనన్నాడు కాబట్టే కొత్త ఆర్చిబిషప్ అవసరమయ్యాడు అన్నది ఎక్కువమంది అంచనా.

803లో ఆ పదవి రద్దయింది. పదహారేళ్ల ముచ్చట.

అంత చేశాక కొడుకు ఎన్నాళ్లు ఏలాడు?

141 రోజులు. ఆఫా 796 జూలై 29న పోయాడు, ఎడ్జ్‌ఫ్రిత్ డిసెంబరులో పోయాడు. ఆఫా బతికుండగా ఆయన్ని పొగిడిన ఆల్కుయిన్, 797లో ఓస్బర్ట్ అనే మెర్సియా పెద్దమనిషికి రాస్తూ మాట మార్చాడు: కొడుకుకు రాజ్యం నిలపడానికి తండ్రి ఎంత రక్తం పారించాడో నీకు తెలియనిది కాదు, అది రాజ్యాన్ని నిలబెట్టలేదు, కూల్చింది అన్నాడు. దాయాదులను ఏరివేసిన చోట సొంత కొడుకు పోతే ఇక మిగిలేదెవరు? దూరపు బంధువు కోన్‌వుల్ఫ్ రాజయ్యాడు. కెంట్ వెంటనే తిరగబడింది, అణచడానికి 798 దాకా పట్టింది.

కినెథ్రిథ్ కుకమ్ మఠానికి అధిపతి అయింది. 798లో భూముల విషయమై కాంటర్‌బరీతో వ్యాజ్యం వేసుకుని రాజీ చేసుకుంది కూడా. వెసెక్స్‌లో ఉన్న ఎయాడ్‌బుర్ భర్తను పొరపాటున విషంతో చంపి, ఫ్రాన్స్ పారిపోయి, చివరికి ఇటలీలో పావియాలో అడుక్కుంటూ చచ్చిపోయిందని ఆసర్ రాశాడు. ఆసర్ రాసింది ఎగ్‌బర్ట్ మనవడి కొలువులో, ఆ ఎగ్‌బర్ట్‌ను తరిమింది ఎయాడ్‌బుర్ భర్త, తండ్రి. ఆ సంగతి గుర్తుంచుకుని చదవండి.

ఆయన్ని "మొదటి ఇంగ్లండు రాజు" అనొచ్చా?

వద్దు. నార్తంబ్రియా, వెసెక్స్ ఆయన చేతిలో ఎప్పుడూ లేవు. ఆ మాట 927 తర్వాతి వెసెక్స్ వంశపు రాజు ఎథెల్‌స్టాన్‌కు సరిపోతుంది.

సమాధి ఎక్కడ?

చూడటానికి ఏమీ లేదు. సెయింట్ ఆల్బన్స్ మఠం తన స్థాపకుడు ఆఫానే అని చెప్పుకునేది. 13వ శతాబ్దంలో అక్కడి సన్యాసులు రాసిన దాని ప్రకారం, బెడ్‌ఫర్డ్ దగ్గర ఊజ్ నది ఒడ్డున చిన్న చాపెల్‌లో ఆయన్ని పూడ్చారు. తర్వాత నది ఒడ్డు కోసుకుపోయి చాపెల్‌ను, సమాధిని కూడా మింగేసింది. ఎండాకాలం ఈతకు దిగినవాళ్లకు నీటి అడుగున అది ఒక్కోసారి కనిపిస్తుందని ఊళ్లో చెప్పుకునేవాళ్లట.